మాట, చెవి, తీగ

ఈ ప్రత్యేక సంచికకు మన శాఖ చరిత్ర గురించి ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు కోరారు. ఎక్స్‌ఛేంజీలు ఎప్పుడు వచ్చాయో, ట్రంకు బోర్డులు ఎప్పుడు పోయాయో పెద్దలు ఇదివరకే రాసి ఉన్నారు. వాటినే తిరగరాస్తే చర్వితచర్వణం అవుతుంది. ట్రంకు బోర్డు ముందు, అందులోనూ ఎక్కువగా రాత్రి డ్యూటీల్లో, హెడ్‌సెట్ తగిలించుకుని ఏళ్ల తరబడి కూర్చున్నవాణ్ణి కనుక ఆ తీగల మీద నడిచిన సరుకు గురించి నాలుగు మాటలు రాస్తాను. ఆ సరుకు మనిషి మాట. మాటను విడగొడితే మిగిలేది ధ్వని. టెలిఫోను కంటే ముందు ధ్వనిశాస్త్రం పుట్టింది. ఆ శాస్త్రం పట్టుబడిన ఇంట్లోనే టెలిఫోను పుట్టింది. ఈ సంగతి మన శిక్షణ తరగతుల్లో ఎవరూ చెప్పగా నేను వినలేదు.

ముందుగా ఒక చిన్న ప్రయోగం. గొంతు మీద రెండు వేళ్లు ఆనించి 'స్‌స్‌స్' అనండి. వేళ్లకు ఏమీ తెలియదు. ఇప్పుడు 'మ్‌మ్‌మ్' అనండి. తుమ్మెద రొద లాంటి అదురు తెలుస్తుంది. లోపల రెండు స్వరతంత్రులున్నాయి. అవి దగ్గరికి చేరి అదిరితే నాదం, దూరంగా ఉండి గాలిని వదిలేస్తే ఉత్త శ్వాస. 'క'కు 'గ'కు, 'ప'కు 'బ'కు నోటిలో నాలుక, పెదవులు చేసే పని ఒకటే. తేడా అంతా గొంతులో ఉంది. మనం చిన్నప్పుడు పరుషాలు, సరళాలు అని వల్లె వేసినవి ఇవే. సరళాదేశ సంధి రాక బెత్తం దెబ్బలు తిన్నవాళ్లు మనలో చాలామందే ఉంటారు. 'పూచెను కలువలు' కాస్తా 'పూచెను గలువలు' ఎందుకయింది? ద్రుతమైన నకారం పలుకుతున్నప్పుడు గొంతు అదురుతూనే ఉంది. ఆ తర్వాత వచ్చే 'క' కోసం ఒక్క క్షణం ఆపి మళ్లీ మొదలెట్టడం కంటే ఆ అదురును అలా కొనసాగనివ్వడమే దానికి సుఖం. కొనసాగితే 'క' కాస్తా 'గ' అవుతుంది. గొంతు బద్ధకానికి వీపు బలి అయిందన్నమాట.

ఈ నాద శ్వాస భేదాన్ని మన దేశంలో క్రీస్తుకు కొన్ని వందల ఏళ్ల ముందే గుర్తించారు. వేదం రాతలో లేదు, నోట ఉంది. నోట ఉన్నది చెడకుండా ఉండాలంటే నోరు ఏం చేస్తోందో తెలియాలి. ఆ అవసరం నుంచి వచ్చినదే శిక్ష అనే వేదాంగం. తైత్తిరీయోపనిషత్తులో శీక్షావల్లి ధ్వని, స్వరం, కాలపరిమాణం, బలం మొదలైన ఆరు విషయాలను శిక్షలో భాగంగా లెక్కపెట్టింది. ఒక్కొక్క వేదశాఖకు ప్రాతిశాఖ్యలనే గ్రంథాలు వచ్చాయి. ధ్వని పుట్టే చోటు స్థానం. ఆ చోటును తాకే నాలుక కొన వంటిది కరణం. ఎంత గట్టిగా తాకింది, గాలిని ఎంత వదిలింది అన్నది ప్రయత్నం. మన ఓనమాలలో క, చ, ట, త, ప వర్గాల వరుస చూడండి. గొంతు దగ్గర మొదలై దవడ, అంగిలి, పళ్లు దాటి పెదవుల దగ్గరికి వచ్చి ఆగుతుంది. పలక మీద దిద్దించినప్పుడు ఇది నోటి పటమని మనకెవరూ చెప్పలేదు.

వీళ్లు ఒకరు చెప్పినది ఒకరు కళ్లకద్దుకుని ఊరుకున్నవాళ్లు కూడా కాదు. రేఫను వ్యాకరణ సంప్రదాయం మూర్ధన్యమంటే ప్రాతిశాఖ్యల్లో దంతమూలం దగ్గర పుడుతుందన్న మాట ఉంది. పలికి చూసుకుని ఎవరి పక్షమో మీరే తేల్చుకోండి. 'హ' విషయం మరీ ముచ్చటైనది. గొంతు మూసుకుంటే నాదం, తెరుచుకుంటే శ్వాస, నడిమధ్యలో ఉంటే హకారం అని తైత్తిరీయ ప్రాతిశాఖ్య అంటుంది. దాన్ని 1871లో ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేసిన అమెరికా పండితుడు విట్నీకి ఈ నడిమి స్థితి నమ్మశక్యం కాలేదు. తర్వాతి పరిశోధకులు మాత్రం ప్రాతిశాఖ్యకారుడి వైపే మొగ్గారు. అద్దం లేదు, యంత్రం లేదు. తన గొంతులో తానే చెవి పెట్టుకుని విన్న మనిషి చెప్పిన మాట అది.

ఈ విద్య యూరపు చేరింది సర్ విలియం జోన్స్ వంటి వారి వల్ల. ఆయన 1784లో కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ పెట్టాడు. తూర్పు దేశాల మాటలను రోమన్ లిపిలో ఒక పద్ధతి ప్రకారం ఎలా రాయాలో 1788లో ఒక వ్యాసం ప్రకటించాడు. అంతవరకూ యూరపు వ్యాకరణాల్లో అక్షరానికీ ధ్వనికీ తేడా తెలియని గందరగోళం ఉండేది. 'క'కు 'గ'కు తేడా ఎక్కడుందో స్పష్టంగా చెప్పినవాళ్లు దాదాపు లేరు. జోన్స్ పరిచయం చేసిన భారతీయ వ్యాకర్తలు లేకపోతే 19వ శతాబ్దపు ఇంగ్లీషు ధ్వనిశాస్త్రాన్ని ఊహించుకోవడమే కష్టమని లండన్ ఆచార్యుడు ఫర్త్ 1946లో రాశాడు. మనవాళ్లు అన్నీ ముందే కనిపెట్టారని ఊరేగే అలవాటు నాకు లేదు. కానీ ఇది మనవాళ్లు చెప్పుకున్న గొప్ప కాదు, అవతలివాళ్లు ఒప్పుకున్న బాకీ.

ఇక మన ఇంటి కథకు వస్తాను. స్కాట్లండులోని ఎడింబరోలో బెల్ అనే కుటుంబం ఉండేది. తాతది ఉచ్చారణ నేర్పే వృత్తి, తండ్రిదీ అదే. తండ్రి పేరు అలెగ్జాండర్ మెల్విల్ బెల్. ఆయన 1867లో 'విజిబుల్ స్పీచ్', అంటే 'కనిపించే మాట' అనే పుస్తకం వేశాడు. అందులో మామూలు అక్షరాలు ఉండవు. నాలుక ఎక్కడుంది, పెదవులు ఎలా ఉన్నాయి, గొంతు అదురుతోందా లేదా అన్నది చూపే గుర్తులుంటాయి. ఏ భాష ధ్వనినైనా ఆ గుర్తులతో రాయవచ్చునని ఆయన పట్టుదల. సభల్లో దీన్ని నిరూపించే తీరు గారడీ ఆటలాగా ఉండేది. కొడుకును గది బయటికి పంపేవాడు. సభికులు ఎవరికి తోచిన చప్పుడు వాళ్లు చేసేవాళ్లు. తండ్రి దాన్ని బల్ల మీద గుర్తులతో రాసేవాడు. కొడుకు లోపలికి వచ్చి ఆ గుర్తులు చెప్పినట్టు నోరు పెట్టి గాలి వదిలేవాడు. ఒకసారి తన నోటి నుంచి గరగరమని ఏదో వింత చప్పుడు వచ్చిందట. అదేమిటో తనకే తెలియలేదు. సభంతా చప్పట్లు. ఎవరో రంపంతో కట్టె కోస్తున్న చప్పుడు చేసి ఉన్నారు! ఆ కొడుకే అలెగ్జాండర్ గ్రాహం బెల్. 1847లో పుట్టాడు.

ఆ ఇంట్లో ధ్వని పిచ్చి అంతా ఇంతా కాదు. బెల్, అతని అన్న కలిసి మనిషి గొంతును పోలిన బొమ్మ ఒకటి చేసి దానిచేత 'మమ్మా' అనిపించారు. అది చాలక పెంపుడు కుక్క దవడలు, గొంతు చేత్తో నొక్కుతూ 'ఎలా ఉన్నావు నాయనమ్మా' అన్నట్టు వినిపించేలా గుర్రుమనిపించారు. నవ్వులాటగా కనిపించినా అందులో శాస్త్రముంది. గొంతు ఇచ్చేది రొద మాత్రమే, దాన్ని మాటగా మలిచేది నోరు అనే సంగతి వాళ్లు కుక్క దవడ పట్టుకుని నేర్చుకున్నారు.

ఆ ఇంటికి మరో ముఖం కూడా ఉంది. తల్లి ఎలైజాకు చెముడు. బెల్ ఆమె నుదుటికి దగ్గరగా నోరు పెట్టి మెల్లగా మాట్లాడేవాడట. 1867లో తమ్ముడు, 1870లో అన్న క్షయతో పోయారు. మిగిలిన ఒక్క కొడుకునైనా దక్కించుకోవాలని తల్లిదండ్రులు దేశం విడిచి కెనడా వెళ్లారు. బెల్ 1871లో బోస్టనులో చెవిటి పిల్లల బడికి తండ్రి గుర్తులతో మాటలు నేర్పడానికి చేరాడు. అక్కడ శిష్యురాలిగా వచ్చిన మేబెల్ హబ్బర్డును 1877లో పెళ్లాడాడు. అయిదో ఏట విషజ్వరం వచ్చి ఆమెకు వినికిడి పూర్తిగా పోయింది. భర్త కనిపెట్టిన యంత్రంలో ఆమె ఒక్క మాటైనా విన్నది లేదు.

యంత్రం పుట్టుక వెనుక ఒక తమాషా ఉంది. అచ్చులు పలికేటప్పుడు నోటిలో పుట్టే స్థాయిల మీద బెల్ కుర్రతనంలోనే ప్రయోగాలు చేశాడు. ఎలిస్ అనే పండితుడు, 'ఈ పని జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ చేసేశాడు నాయనా' అని పుస్తకం చూపించాడు. బెల్‌కు జర్మన్ సరిగా రాదు. బొమ్మలు చూసి, హెల్మ్‌హోల్ట్జ్ అచ్చులను తీగ మీద ఒక చోటి నుంచి మరో చోటికి పంపాడని పొరబడ్డాడు. నిజానికి ఆయన శృతిదండాలతో అచ్చులను పోలిన ధ్వని పుట్టించాడు, అంతే. అచ్చులు పోయినప్పుడు హల్లులు మాత్రం ఎందుకు పోవని బెల్ వెంటపడ్డాడు. పేటెంటు 1876 మార్చి 7న వచ్చింది. మార్చి 10న పక్క గదిలోని వాట్సనుకు తీగ మీద మాట వినిపించింది. జర్మన్ బాగా వచ్చి ఉంటే తాను ఈ పని మొదలుపెట్టి ఉండేవాణ్ణి కానని బెల్ తర్వాత చెప్పుకున్నాడు. మన దేశంలో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో ఎక్స్‌ఛేంజీలు 1882లోనే వచ్చాయి.

బెల్ గురించి ఇంతవరకే రాసి ఊరుకుంటే న్యాయం కాదు. బధిరులందరూ నోటితోనే మాట్లాడాలి, సైగల భాష పనికిరాదు అన్న పక్షానికి ఆయన పెద్ద దిక్కు. 1880లో మిలాను నగరంలో జరిగిన బధిర విద్యా మహాసభ సైగలను బడుల నుంచి తోసివేసింది. పిల్లల చేతులు కట్టేసినంత పనయింది. తన తల్లికీ భార్యకూ నప్పినది అందరికీ నప్పుతుందనుకోవడం ఆ మహానుభావుడి లోపమని నా అభిప్రాయం. ఆ తీర్మానానికి విచారం వెలిబుచ్చడానికి ఆ సభల పరంపరకు 130 ఏళ్లు పట్టింది. 2010లో వాంకూవరులో ఆ పని చేశారు. మన దేశంలో భారతీయ సైగల భాషకు జాతీయ కేంద్రం 2015లో ఢిల్లీలో ఏర్పడింది.

బెల్ గుర్తులు చూడముచ్చటగా ఉన్నా అచ్చువేయడం కష్టం. అందుచేత రోమన్ అక్షరాలనే సవరించుకుని అంతర్జాతీయ ధ్వనిలిపి వచ్చింది. 1886లో పాల్ పాసీ అనే ఫ్రెంచి ఉపాధ్యాయుడు తోటి ఉపాధ్యాయులతో ఒక సంఘం పెట్టాడు. ఆ సంఘం 1888లో లిపిని ప్రకటించింది. ఒక ధ్వనికి ఒకే గుర్తు అన్నది సూత్రం. ఈ కాలపు హెన్రీ స్వీట్ అనే ఆక్స్‌ఫర్డు పండితుడిని మనలో చాలామంది చూసే ఉన్నాం, పేరు తెలియకుండా. 'మై ఫెయిర్ లేడీ' సినిమాలో పూలమ్మే పిల్ల యాస మార్చే ఆచార్యుడికి, అంటే బెర్నార్డ్ షా నాటకంలోని హిగిన్స్‌కు, కొంత పోలిక ఆయనదే.

ఈ విద్య తెలుగునాట ఎవరి చేతిలో పడిందో చెప్పాలి. గిడుగు రామమూర్తి పంతులుగారిని వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా ఎరుగుదుము. ఆగస్టు 29న ఆయన జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆయన చేసిన రెండో పని గురించి మాట్లాడుకునేది తక్కువ. 1863లో పుట్టి, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. చుట్టూ కొండల్లో సవరలు. వాళ్ల భాషకు లిపి లేదు, పుస్తకం లేదు. కచేరీలో, సంతలో వాళ్లు చెప్పేది ఎవరికీ తెలియదు. తెలియనివాళ్లు మోసపోతారు. పంతులుగారు సవర తెలిసిన వాణ్ణి ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. పుస్తకాలు రాశారు. సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టారు.

పని మొదలెట్టగానే మన అక్షరాలు చాలవని తేలి ఉంటుంది. సవర ముండా కుటుంబపు భాష. తెలుగుకు చుట్టమే కాదు. మాట మధ్యలో గొంతు చటుక్కున మూసుకుని తెరుచుకునే ధ్వని ఒకటి అందులో ఉంది. మనం 'ఊఁహూఁ' అని తల అడ్డంగా ఊపేటప్పుడు మధ్యలో గొంతు పట్టేసినట్టవుతుంది చూడండి, అలాంటిది. మనకది ఉత్త చప్పుడు. సవరలో అది మాటలో ఒక భాగం. దాన్ని విడిచిపెట్టి రాస్తే సవర రాసినట్టు కాదు. తెలుగు అక్షరాల చెవితో వింటే అది వినిపించనే వినిపించదు. పంతులుగారు విన్నారు. ఆయన సవర భాషా వివరణ గ్రంథాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో అచ్చువేసింది. సవర ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. మొదటి పుస్తకం పేరులో 'సోరా' అన్న మాటను కూడా ధ్వనిలిపి తరహాలో, దీర్ఘానికి రెండేసి చుక్కలు పెట్టి రాశారు. డెబ్బయ్యో పడికి దగ్గరైన బడిపంతులు ఆ చుక్కల దగ్గర కూడా రాజీపడలేదు.

దానికి ఆయన చెల్లించుకున్న మూల్యం పెద్దది. మన్యం దోమలకు మలేరియా పట్టుకుంది. క్వినైను మోతాదు మించి మింగవలసి వచ్చింది. చెముడు వచ్చింది, జీవితాంతం ఉండిపోయింది. 1936లో పర్లాకిమిడి కొత్తగా ఏర్పడిన ఒరిస్సాలోకి పోవడంతో ఊరు విడిచి రాజమండ్రి చేరారు. 1940లో కన్నుమూశారు. నిఘంటువు అచ్చయేనాటికి అందులోని ధ్వనులు పుస్తకంలో ఉన్నాయి, ఆయన చెవిలో లేవు.

మళ్లీ మన బోర్డు దగ్గరికి రండి. మనిషి చెవి చిన్నతనంలో సెకనుకు 20 నుంచి 20,000 కంపనాల దాకా వింటుంది. మన తీగలు మోసినది 300 నుంచి 3,400 దాకా మాత్రమే. అచ్చులు ఆ హద్దులో హాయిగా ఇముడుతాయి. 'స' బలం చాలావరకు 4,000కు పైన ఉంటుంది. కనుక తీగ దాన్ని కత్తిరించేసేది. ఇంగ్లీషు అక్షరాల్లో ఎస్, ఎఫ్ ఒకటిగా వినిపించడానికి కారణం ఆపరేటర్ల అశ్రద్ధ కాదు. 'బి ఫర్ బాంబే, డి ఫర్ ఢిల్లీ' అని మనం గొంతు చించుకున్నదంతా తీగ మింగేసిన హల్లుల్ని వెనక్కి రాబట్టడానికే.

ఇక్కడే ఒక మాట. నేను పనిచేసిన ఒక ఊళ్లో కొత్తగా చేరిన ఆపరేటరు పలుకుబడిని పైవాళ్లు అనుకరించి నవ్వేవారు. ఆ పిల్లది శ్రీకాకుళం వైపు. ఇంకొకరిది కరీంనగరమైతే అదీ నవ్వులాటే. 'చాప'లో చకారం వేరు, 'చెవి'లో చకారం వేరు. ఒకటి దంత్యం, రెండోది తాలవ్యం. ఈ తేడాను చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలోనే చెప్పాడు. 'వచ్చాడు' అనే మాటలో చివరి దీర్ఘాన్ని చాలామంది 'బ్యాంకు'లోని అచ్చులాగా పలుకుతారు. దానికి మన వర్ణమాలలో విడిగా అక్షరమే లేదు. అంటే శుద్ధంగా మాట్లాడుతున్నాననుకునేవాడి నోట కూడా పుస్తకంలో లేని ధ్వనులున్నాయి. నవ్వేవాడికి తన నోరు తనకు వినిపించకపోవడమే ఆ నవ్వుకు మూలం. ఆ అమ్మాయి ఏడాది తిరక్కుండా బదిలీ అడిగి వెళ్లిపోయింది.

ఇప్పుడు మన వయసు సంగతి. నెలవారీ సమావేశాల్లో సభ్యుల నోట నేను తరచు వినే మాట ఒకటుంది: 'వినిపిస్తోంది గానీ అర్థం కావడం లేదు.' ఇంట్లోవాళ్లు దీన్ని పెద్దవాళ్ల మొండితనం కింద కట్టేస్తున్నారు. అది నిజమైన ఫిర్యాదే. వయసుతో ముందుగా పోయేది పైస్థాయి వినికిడి. అచ్చులు కిందిస్థాయివి, బలమైనవి. కనుక నిలుస్తాయి. స, ష, త, ప లాంటివి బలహీనమైనవి, పైకి ఉండేవి. కనుక జారిపోతాయి. అంటే మన చెవి నెమ్మదిగా పాత ట్రంకు లైనుగా మారుతోందన్నమాట. ఎదుటివాళ్లు అరిస్తే పెరిగేది ముఖ్యంగా అచ్చుల చప్పుడే, హల్లులు కావు. ఎదురుగా కూర్చుని, ముఖం కనిపించేలా, నిదానంగా మాట్లాడితే పెదవులు సగం చెబుతాయి. చెవి పరీక్ష చేయించుకున్నవాళ్ల కాగితం మీద డెసిబెల్ అని ఉంటుంది. అందులో బెల్ మన బెల్లే. తీగల్లో మాట ఎంత బలహీనపడిందో కొలవడానికి ఆయన పేరిట ఉన్న ప్రయోగశాలలో 1920లలో ఏర్పరచిన కొలత అది. మైసూరులో 1965లో స్థాపించిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ వంటి చోట్ల చెవినీ నోటినీ కలిపి పరీక్షిస్తారు.

ఆ ప్రయోగశాలవాళ్లే 1947లో ఇంకో పుస్తకం వేశారు. ధ్వనిని యంత్రంతో కాగితం మీద నలుపు తెలుపు చారలుగా గీయించి, చెవిటివారు దాన్ని చూసి చదువుకోగలరేమోనని ఆశపడ్డారు. 80 ఏళ్ల కిందట తండ్రి బెల్ పెట్టిన పేరునే, 'విజిబుల్ స్పీచ్' అనే, ఆ పుస్తకానికీ పెట్టారు. చారలు చదవడం మామూలు మనుషులకు గగనమయింది. ఇప్పుడు ఆ పని యంత్రమే చేస్తోంది. మాటను అలాంటి చారలుగా మార్చుకుని, వాటిని పోల్చుకుని అక్షరాల్లో పెడుతోంది.

మన సభ్యుల్లో ఒకాయనకు ఎనభై దాటాయి. వినికిడి దాదాపు లేదు. మనవరాలు ఫోనులో ఈ ఏర్పాటు చేసి పెట్టింది. ఎవరు మాట్లాడినా ఫోను ముందు పెడతాడు, తెలుగులో రాసింది చదువుకుని జవాబు చెబుతాడు. తప్పులు దొర్లుతున్నాయి. కిందటి సమావేశంలో కార్యదర్శిగారు 'పెన్షన్' గురించి మాట్లాడుతుంటే అది 'టెన్షన్' అని రాసింది. ఆయన ఫోను నా ముందు పెట్టి, 'రెండూ పరుషాలేనోయ్, స్థానమే తప్పింది' అన్నాడు.